వరసగా చెప్పమ్మా

2024 జూన్‌లో ఒక ఆదివారం రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ‘మహారాజ’ సెకండ్ షో చూశాను. నాతో కలిసి పనిచేసే స్నేహితురాలు పట్టుబట్టి తీసుకెళ్లింది. తమిళంలో నిథిలన్ సామినాథన్ తీసిన సినిమా అది, తెలుగులోకి డబ్ అయి వచ్చింది. విజయ్ సేతుపతికి 50వ సినిమా కూడా. మంగలి షాపు నడుపుకునే ఒక తండ్రి పోలీస్‌స్టేషన్‌కి వచ్చి, మా ఇంట్లో లక్ష్మి పోయింది, వెతికిపెట్టండి అని ఫిర్యాదు చేస్తాడు. లక్ష్మి అంటే మనిషి కాదు, ఇనప చెత్తబుట్ట. పోలీసులు నవ్వుతారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ వ్యాసంలో సినిమాల చివర్లు చెప్పేస్తాను. చూడనివాళ్లు ముందే క్షమించాలి. చివర్లు చెప్పకుండా నేను చెప్పదల్చుకున్నది చెప్పలేను.

‘మహారాజ’ చివరి భాగంలో గానీ మనకు తెలియదు, ఆ బుట్ట ఒక సాకేనని. ఆ ఇంట్లో పోయింది బుట్ట కాదు. తండ్రి లేని సమయంలో ఇంట్లోకి చొరబడినవాళ్లు ఆయన కూతురి మీద అత్యాచారం చేశారు. వాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకోవడానికే ఆయన బుట్ట కథ అల్లాడు. అంతేకాదు, అప్పటిదాకా పక్కపక్కనే నడుస్తున్నాయనుకున్న రెండు కథల మధ్య ఏళ్ల దూరం ఉందని కూడా అప్పుడే తెలుస్తుంది. దర్శకుడు ముక్కల్ని తారుమారు చేసి పెట్టాడు. చివర్లో ఒక్కసారిగా అన్నీ అతుక్కుంటాయి. హాల్లో ఈలలు, చప్పట్లు. బయటికొస్తుంటే నా ముందు నడుస్తున్న కుర్రాడు పక్కవాడి భుజం మీద చరిచి, “స్క్రీన్‌ప్లే అంటే ఇదిరా!” అన్నాడు.

అబద్ధమెందుకు, ఆ క్షణంలో నేనూ అదే అనుకున్నాను. కథలో కాలం ఎలా నడుస్తుందన్నదే నా పీహెచ్‌డీ విషయం. అంత బిగువుగా కాలాన్ని కలిపి కుట్టిన సినిమా చూస్తే నాలోని పరిశోధకురాలు ముందు చప్పట్లు కొడుతుంది. కానీ ఆటో ఎక్కాక ఏదో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. “ఏంటే అలా అయిపోయావ్? నచ్చలేదా?” అంది స్నేహితురాలు. నచ్చింది, అందుకే బాధగా ఉంది అన్నాను. దానికి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది ఆ ముల్లు ఏమిటో. అంతకు కొన్ని నెలల ముందు ఒక అమ్మాయి నా ఎదురుగా కూర్చుని తన కథని ఇలాగే తారుమారుగా చెప్పింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లెవరూ లేరు.

ఆ సంగతికి వచ్చే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. నాకు థ్రిల్లర్ల మీద ప్రేమ అమ్మ నుంచే వచ్చింది.

నా చిన్నప్పుడు మా వీధి చివర అద్దెకు పుస్తకాలిచ్చే బడ్డీ ఒకటుండేది. రోజుకి అర్ధరూపాయి. అమ్మ మధ్యాహ్నం గిన్నెలు తోముకుని, నన్ను పంపించి రెండు పుస్తకాలు తెప్పించుకునేది. ఒకటి సీరియల్‌గా వచ్చి బైండు చేసిన నవల, ఇంకొకటి డిటెక్టివ్ పుస్తకం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలంటే అమ్మకి ప్రాణం. చేతులు మారీ మారీ అట్టలూడిన పుస్తకాలు. కొన్నింట్లో మనకంటే ముందు చదివిన మహానుభావుడెవరో మూడో పేజీలోనే ‘హంతకుడు డాక్టరే’ అని పెన్సిల్‌తో రాసి పుణ్యం కట్టుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది. అమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఎందుకంటే అమ్మ ఏ డిటెక్టివ్ పుస్తకమైనా ముందు చివరి పేజీ చదివేది. ఆ తర్వాత మొదటి పేజీకి వచ్చేది.

“అలా చదివితే ఇంకేం ఉంటుందమ్మా?” అని పోట్లాడేదాన్ని.

“ఆ పిల్ల బతుకుతుందో లేదో తెలియకుండా ఇంత పుస్తకం ఎలా చదవనే?” అనేది అమ్మ.

హంతకుడెవరన్నది ఆమెకి అక్కర్లేదు. ఆ పిల్ల ఏమైందన్నదే కావాలి. అమ్మకి చదవడం రాదని అప్పుడనుకునేదాన్ని. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

యూనివర్సిటీలో చేరాక తొదొరోవ్‌ని చదివాను. ప్రతి అపరాధ పరిశోధక కథలోనూ రెండు కథలుంటాయంటాడాయన. ఒకటి నేరం కథ, రెండోది పరిశోధన కథ. మొదటిది అప్పటికే అయిపోయి, కంటికి కనపడకుండా ఉంటుంది. రెండోది మన కళ్లముందు జరుగుతూ మొదటిదాన్ని తవ్వి తీస్తుంది. ఆ వ్యాసం 1960ల నాటిది. ఇప్పటి మన థ్రిల్లర్లకీ అది చక్కగా సరిపోతుంది. అయితే తొదొరోవ్ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కనపడని మొదటి కథ ఎవరి ఒంటి మీద జరిగింది? మన సినిమాల్లో నూటికి తొంభై పాళ్లు ఒక ఆడపిల్ల ఒంటి మీదే. రెండో కథ నడిపేది మాత్రం ఎక్కువగా మగవాడు. పోలీసో, తండ్రో, ప్రేమికుడో. ఆమె కథ అతని కథకి తాళంచెవి. దాన్ని ఎంతసేపు జేబులో దాచి ఉంచితే అంత గొప్ప స్క్రీన్‌ప్లే.

1975లో లారా మల్వీ సినిమాలో చూపు ఎవరిదని అడిగింది. కెమెరా మగవాడి కళ్లతో చూస్తుందనీ, స్త్రీ చూడబడుతుందనీ చెప్పింది. ఆ మాట మనందరం ఎన్నో వ్యాసాల్లో వాడుకున్నాం. థ్రిల్లర్ల దగ్గరకొచ్చేసరికి నాకు చూపు కంటే వరస ముఖ్యమనిపిస్తోంది. ఏది ముందు చెప్పాలి, ఏది దాచాలి, ఎప్పుడు బయటపెట్టాలి అని నిర్ణయించే హక్కు ఎవరిది? కథలో అధికారమంటే అదే.

మనకి బాగా తెలిసిన ‘దృశ్యం’ తీసుకుందాం. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీశాడు. 2014లో తెలుగులో శ్రీప్రియ దర్శకత్వం చేశారు. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు, కూతురి చేతిలో జరిగిన హత్యని కప్పిపుచ్చడానికి ఒక రోజుని తయారుచేస్తాడు. ఊరెళ్లొచ్చినట్టు బస్సు టిక్కెట్లు, హోటలు బిల్లు, సినిమా టిక్కెట్లు, అన్నీ సిద్ధం చేస్తాడు. భార్యకీ పిల్లలకీ ఆ రోజుని పాఠంలా వల్లె వేయిస్తాడు. పోలీసులు విడివిడిగా అడిగినా నలుగురూ ఒకే వరసలో ఒకే కథ చెబుతారు. అక్కడే పెద్ద పోలీసు అధికారిణికి అనుమానం వస్తుంది. ఆ పాత్రని తెలుగులో నదియా చేసింది. మామూలు మనుషులకి ఒక మామూలు రోజు ఇంత పొందికగా గుర్తుండదు కదా అన్నదే ఆమె అనుమానం.

సినిమాలో ఆమె ఓడిపోతుంది, మనం రాంబాబు గెలవాలనే కోరుకుంటాం. కానీ ఆమె పట్టుకున్నది అక్షరసత్యం. అబద్ధం వరసగా ఉంటుంది. దానికి తేదీలుంటాయి, రసీదులుంటాయి. ‘దృశ్యం’ని నాలుగైదుసార్లు చూశాను. క్లాసులో పాఠంగా కూడా చెప్పాను. అయినా ఆ సత్యం నాకు అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

నేను పనిచేసిన ఒక కళాశాలలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో సభ్యురాలిగా ఉన్నాను. ఆ అమ్మాయి పేరూ ఊరూ చదువూ చెప్పను. గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను. 2013 చట్టం కూడా అదే చెబుతుంది. ఆ చట్టం ప్రకారం సంఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. చట్టంలో కాలమంతా ఇలా కొలతలు పెట్టి ఉంటుంది. ఉండాలి కూడా. లేకపోతే ఫైళ్లు ఏళ్లతరబడి బీరువాల్లోనే ఉండిపోతాయి. కానీ ఆ పిల్ల కాలం అలా లేదు.

ఆమె మొదలుపెట్టడమే, “ఆ రోజు నాకు చున్నీ పిన్ను దొరకలేదు మేడమ్” అని మొదలుపెట్టింది. తర్వాత హాస్టల్లో ఉప్మా తినలేకపోవడం గురించి చెప్పింది. అక్కణ్ణించి ఒక్కసారిగా చివరి సంఘటనకి వెళ్లింది. దాన్ని సగంలో వదిలేసి, తొలిసారి ఆయన తన ప్రాజెక్టు బాగుందని మెచ్చుకున్న రోజుకి వచ్చింది. ఆ మెచ్చుకోలు గురించి చెబుతున్నప్పుడు ఏడ్చింది, చివరి సంఘటన చెబుతున్నప్పుడు ఏడవలేదు. మళ్లీ పిన్ను దగ్గరకొచ్చింది. కమిటీలో ఉన్న పెద్దాయన గడియారం చూసుకున్నారు.

“ముందునించి వరసగా చెప్పమ్మా” అన్నాను నేను. అన్నది నేనే.

మంచి ఉద్దేశంతోనే అన్నాను. ఆమెకి సాయం చేద్దామని కాగితం మీద గళ్లు గీశాను. తేదీ, సమయం, స్థలం, ఎవరైనా చూశారా. ఆమె చెప్పే ముక్కల్ని ఆ గళ్లలోకి సర్దబోయాను. సర్దేకొద్దీ అతకని చోట్లు కనపడ్డాయి. మొదటిసారి మంగళవారమంది, రెండోసారి బుధవారమంది. లైబ్రరీ మూసేశాక అంది, తర్వాత లైబ్రేరియన్ అక్కడే ఉన్నారంది. నేను గీసిన గళ్లే ఆమె కథలోని తప్పుల్ని అందరికీ ఎత్తిచూపించాయి.

ఆయన మాత్రం రెండు పేజీలు టైపు చేయించి తెచ్చారు. ఏ తేదీన ఎన్ని గంటలకి ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడారో అంతా ఉంది. ఒక్క కామా పొల్లుపోలేదు. చదివాక గదిలో అందరికీ ఊపిరాడినట్టయింది. “చూశారా, ఎంత స్పష్టంగా ఉందో! ఆ అమ్మాయేమో పూటకో కథ చెబుతోంది” అన్నారు ఒకరు. నేను కాదనలేదు.

నా సిద్ధాంత గ్రంథంలో ‘అంపశయ్య’ మీద ఒక అధ్యాయం ఉంది. నవీన్ ఆ నవలని 1969లో వెలువరించారు. రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు అది. ఆ ఒక్క రోజులో అతని మనసు ఎక్కడెక్కడికో వెళ్లొస్తుంది, అమ్మ దగ్గరికీ, ఊరికీ, అప్పులకీ, అవమానాలకీ. మనసుకి గడియారం ఉండదని, గాయపడ్డ మనసు ముందువెనకలు పాటించదని, ఆ గందరగోళమే నిజమైన వాస్తవికత అని నేను 40 పేజీలు రాశాను. వైవాలో పరీక్షకులు ఆ అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ 40 పేజీలు రాసిన మనిషే, ఒక అమ్మాయి మనసు అచ్చంగా అలాగే మాట్లాడుతుంటే వరసగా చెప్పమంది. పుస్తకంలో మగపిల్లవాడు చేస్తే చైతన్య స్రవంతి. కమిటీ గదిలో ఆడపిల్ల చేస్తే పూటకో కథ.

ఆ గదిలో ఆమెని నమ్మకపోవడానికి మా అందరిలోనూ ఒక సినిమా ముందే ఆడుతోందని ఇప్పుడనిపిస్తుంది. ‘ఎవరు’ గుర్తుందా? 2019 ఆగస్టు 15న వచ్చింది. సమీర అనే ధనవంతురాలు, తన మీద అత్యాచారం చేసిన పోలీసు అధికారిని ఆత్మరక్షణ కోసం చంపానంటుంది. రెజీనా ఆ పాత్రని ఎంత బాగా చేసిందంటే ఆమె కళ్లలో నీళ్లకి మన గుండె కరుగుతుంది. చివరికి తేలేదేమిటంటే ఆ అత్యాచారం అబద్ధం. ఈ సినిమాకి ఆధారం ఓరియోల్ పాలో తీసిన స్పానిష్ సినిమా. దాన్ని ఇంగ్లీషువాళ్లు ‘ది ఇన్విజిబుల్ గెస్ట్’ అన్నారు. అందులో ముద్దాయి మగవాడు. హోటల్ గదిలో ప్రియురాల్ని చంపాడని అతని మీద నేరం. తనను ఎవరో ఇరికించారని అబద్ధం చెబుతాడు. అదే కథని 2019లోనే సుజోయ్ ఘోష్ హిందీలో ‘బద్లా’గా తీసినప్పుడు ముద్దాయిని స్త్రీగా మార్చాడు. అయినా అత్యాచారమన్న మాట అందులో లేదు. తెలుగుకి వచ్చేసరికి ముద్దాయి స్త్రీ అవడమే కాదు, ఆమె చెప్పే అబద్ధం అత్యాచారమైంది.

ఈ మార్పు ఎందుకు చేశారో దర్శకుడి మనసులో దూరి చెప్పలేను. ప్రేక్షకుల సానుభూతి పొందడానికి అంతకంటే దగ్గరి దారి లేదనుకుని ఉండొచ్చు. కానీ 2018 అక్టోబర్‌లో మన దేశంలో ఎందరో స్త్రీలు మీటూ అంటూ ఏళ్లనాటి మాటల్ని బయటపెట్టారు. అది జరిగి ఏడాది తిరక్కుండానే, ఏడుస్తున్న ఆడదాన్ని నమ్మితే మోసపోతావన్న కథకి మనం చప్పట్లు కొట్టాం. స్త్రీలు అబద్ధాలాడకూడదని నేననడం లేదు. ఆడతారు, హత్యలూ చేస్తారు. స్త్రీని దేవతని చేసి కూర్చోబెట్టే సినిమా నాకూ అక్కర్లేదు. అయితే ఒక మలుపుని మనం ఎంతగా ఆనందిస్తే అది అంతగా మన లోపల స్థిరపడుతుంది. తర్వాత నిజమైన మనిషి ఎదురైనప్పుడు మనం మలుపు కోసం ఎదురుచూస్తాం. కమిటీ గదిలో మేము చేసింది అదే. ఆమె మాట వినలేదు, ఎక్కడ దొరుకుతుందా అని చూశాం.

అబద్ధమాడే స్త్రీని నేను ప్రేమించిన సినిమా కూడా ఉంది. 2012లో వచ్చిన ‘కహానీ’. దాన్ని తీసిందీ సుజోయ్ ఘోషే. నిండు గర్భిణి అయిన విద్య కనపడకుండాపోయిన భర్తని వెతుక్కుంటూ కోల్‌కతా వస్తుంది. అందరూ ఆమెకి దారిస్తారు, జాలిపడతారు. గర్భిణి మీద ఎవరికీ అనుమానం రాదు. చివరికి ఆ కడుపు అబద్ధమని తెలుస్తుంది. విద్య మనని కూడా మోసం చేసింది. అయినా కోపం రాదు. తల్లి కాబోయే స్త్రీ అనగానే సమాజం ఆలోచించడం మానేస్తుందని ఆమెకి తెలుసు. ఆ తెలివితక్కువతనాన్నే ఆయుధం చేసుకుంది. అక్కడ ఏది ఎప్పుడు చెప్పాలన్న హక్కు ఆమె చేతిలో ఉంది. 2014లో శేఖర్ కమ్ముల దాన్ని ‘అనామిక’గా హైదరాబాద్ పాతబస్తీకి తెచ్చినప్పుడు ఆ గర్భాన్ని తీసేశారు. నయనతార బాగా చేసింది, పాతబస్తీ గల్లీలూ బాగున్నాయి. కానీ ఆమె చెప్పే అతి పెద్ద అబద్ధం పోవడంతో కథ ఆమె గుప్పిట్లోంచి జారిపోయిందనిపించింది నాకు.

ఈమధ్య వచ్చిన సినిమాల్లో వేరే దారులు కనపడుతున్నాయి. 2024 నవంబర్‌లో వచ్చిన ‘సూక్ష్మదర్శిని’లో పరిశోధన చేసేది ఒక గృహిణి. ఎం.సి. జితిన్ దర్శకుడు, నజ్రియా నజీమ్ ప్రియదర్శినిగా చేసింది. మైక్రోబయాలజీ చదివి, ఉద్యోగం కోసం వెతుక్కుంటూ ఇంట్లో ఉన్న మనిషి. వంటింటి కిటికీలోంచి పక్కింటిని గమనిస్తుంది. పక్కింటివాళ్ల సంగతి నీకెందుకు అని మనలో ఎంతమందిని కసురుకోలేదు! ఆ ఆరా తీయడాన్నే ఈ సినిమా పరిశోధనని చేసింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆమె ఆలోచన కూడా ఉడుకుతుంటుంది. ఆమెకి సాక్ష్యం వరసగా దొరకదు. పిల్లని బడికి పంపే హడావిడిలో ఒక ముక్క, పక్కింటావిడతో మాటల్లో ఒక ముక్క. ఇంటిపని చేసే స్త్రీల సమయం ఎప్పుడూ ముక్కలుగానే ఉంటుంది కదా. ముక్కల్లోంచి అర్థం లాగడం ఆమెకి అలవాటే.

సాయిపల్లవి చేసిన ‘గార్గి’ 2022 జులైలో వచ్చింది. గౌతమ్ రామచంద్రన్ దర్శకుడు. ఒక చిన్నపిల్ల మీద జరిగిన అత్యాచారం కేసులో గార్గి తండ్రిని పట్టుకుంటారు. తండ్రి నిర్దోషి అని నిరూపించడానికి గార్గి నానా తంటాలు పడుతుంది. మనమూ ఆమె వెంటే నడుస్తాం, ఆ తండ్రి మంచివాడు కావాలని కోరుకుంటాం. చివరికి తండ్రి నేరస్థుడే. ఆ సంగతి తెలిశాక ఆమే చట్టానికి పట్టిస్తుంది. ఇక్కడా మలుపుంది, దాచడం ఉంది. అయితే దాచింది పిల్ల బాధని కాదు. ఆ పిల్లకి జరిగింది మొదటినుంచీ మనకి తెలుసు. ఇంటి మగవాడి మీద మనకుండే నమ్మకాన్నే దర్శకుడు మన ముందు పెట్టి చూపించాడు. సినిమా అయ్యాక హాల్లో ఈలలు లేవు. ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్లిపోయారు.

ఇక ‘ఆట్టం’. ఆనంద్ ఏకర్షి తీసిన ఈ సినిమాకి 70వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ స్క్రీన్‌ప్లే రెండూ వచ్చాయి. ఆ ప్రకటన 2024 ఆగస్టులో వచ్చింది. సినిమాని నేను ఆ తర్వాత ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఒక నాటక బృందంలో పన్నెండుమంది మగవాళ్లు, ఒక్క స్త్రీ, అంజలి. ఒక రాత్రి ఆమె నిద్రపోతుండగా కిటికీలోంచి ఎవరో ఆమెని తడిమారు. ఆ పన్నెండుమందీ ఒక ఇంట్లో చేరి, ఏం చెయ్యాలా అని చర్చిస్తారు. మొదట్లో అందరికీ కోపం. మధ్యలో విదేశాల్లో నాటకాలాడే అవకాశం మాట వస్తుంది. అక్కణ్ణించి ఒక్కొక్కరి అనుమానాలూ మారుతుంటాయి. నిద్రలో ఎలా తెలుసు? తాగి ఉందేమో? అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆ పన్నెండుమందీ చెడ్డవాళ్లు కారు. ఒకరిద్దరు చాలా మంచివాళ్లు. చివరికి చేసిందెవరో మనకి తెలియదు. తెలుసుకోవాలని అంజలి కూడా కోరుకోదు.

ఆ సినిమా చూస్తూ మధ్యలో ఆపేశాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ పెట్టాను. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నేను స్త్రీనే, స్త్రీవాదం చదివినదాన్నే. కాగితం మీద గళ్లు గీసింది నేనే. థ్రిల్లరంటే హంతకుణ్ణి పట్టుకోవడమని చిన్నప్పట్నించీ అనుకుంటూ వచ్చిన నాకు, పట్టుకోవాల్సింది వినేవాళ్లనని ఈ సినిమా చెప్పింది.

ఇప్పుడు మళ్లీ ‘మహారాజ’ దగ్గరకొస్తాను. ఆ సినిమాని తీసిపారెయ్యాలని నాకు లేదు. చివర్లో ఆ కూతురు, జ్యోతి, తన మీద దాడికి కారకుడైన మనిషి ముందుకి తనే వెళ్లి నిలబడుతుంది. తల వంచదు. బతుకు అయిపోయిందని ఏడవదు. మన సినిమాల్లో అలాంటి దృశ్యం అరుదు. ఆ ఐదు నిమిషాల కోసం దర్శకుడికి దణ్ణం పెట్టొచ్చు. కానీ అప్పటిదాకా జ్యోతి ఎక్కడుంది? ఆటల క్యాంపుకి వెళ్లిందని తండ్రి చెబుతాడు, మనం నమ్ముతాం. మనం చెత్తబుట్ట చూసి నవ్వుతున్నంతసేపూ ఆమె ఆస్పత్రిలో ఉంది. మన నవ్వు కోసం, ఆ తర్వాతి మన విస్మయం కోసం ఆమెని కనపడకుండా ఉంచారు.

ఆ మరుసటి వారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఆ సినిమా కథ చెప్పమంది. ఆమెకిప్పుడు కంటి శుక్లాలు, హాలుకి రాలేదు. నేను బుట్ట దగ్గర మొదలుపెట్టాను. ఎప్పట్లాగే రెండు నిమిషాలకే ఆపి, “ఇంతకీ ఆ ఇంట్లో పిల్ల ఉందన్నావే, అదేమైంది?” అంది. చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే దాని దగ్గర్నించి చెప్పు” అంది.

చెప్పడానికి ప్రయత్నించాను. ఒక అమ్మాయి ఉంది. తల్లి లేదు. తండ్రి మంగలి షాపు నడుపుతాడు. ఆటలాడుతుంది. ఒక రోజు ఇంట్లో ఒక్కతే ఉంది. అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాతి రోజులు ఆమె ఎలా గడిపింది? ఆస్పత్రిలో ఎవరున్నారు పక్కన? మొదట ఎవరితో మాట్లాడింది, ఏ మాటతో మొదలుపెట్టింది? తండ్రి బుట్ట కథ చెబుతున్నాడని ఆమెకి తెలుసా? రెండుంపావు గంటల సినిమాలో నాకు వీటికి జవాబులు దొరకలేదు. స్క్రీన్‌ప్లేలో ఎక్కడా సందు లేదని మెచ్చుకున్న సినిమా అది. అమ్మ అడిగిన దారిలో చెబితే కథంతా సందులే.

“అది బానే ఉందా చివరికి?” అంది అమ్మ.

ఉందమ్మా, నిలబడింది అన్నాను. అమ్మ స్థిమితపడి, సరే ఇప్పుడు మొదట్నించి చెప్పు అంది. నేను మళ్లీ బుట్ట దగ్గరకొచ్చాను. కానీ నా మనసులో ఇంకో అమ్మాయి మెదులుతోంది. ఆ చున్నీ పిన్ను సంగతేమిటో నేనెప్పుడూ అడగలేదు. ఆమె మూడుసార్లు దాని దగ్గరికే వచ్చింది. నేను గీసిన గళ్లలో దానికి చోటు లేదు. బహుశా ఆమె కథ అక్కడే మొదలవుతుందేమో, అక్కణ్ణించి వింటే అంతా వరసగానే ఉండేదేమో.

ఆరోపణ రుజువు కాలేదని కమిటీ తేల్చింది. ఆ అమ్మాయి సెమిస్టరు మధ్యలో టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడెక్కడుందో, చదువుతోందో మానేసిందో నాకు తెలియదు. నివేదిక పదకొండు పేజీలు. తేదీలన్నీ వరసగా ఉన్నాయి. చివరి పేజీలో ఆమె ఏమైందన్నది లేదు. ఐదు సంతకాలున్నాయి, మూడోది నాది.